సీసాల లెక్కయేనా?

సైనికుని గౌరవించుట మన తెలుగువారికి క్రొత్త గాదు. 2020 జూను 15వ తేదీ రాత్రి గాల్వాను లోయలో కర్నలు బిక్కుమళ్ల సంతోష్ బాబు వీరమరణము నొందినప్పుడు సూర్యాపేట యంతయు కన్నీరు పెట్టినది. 2021లో దేశము ఆయనకు మహావీరచక్రము నర్పించినది. ఇది తగిన పనియే. కాని బ్రతికి తిరిగి వచ్చినవారి సంగతి యేమి? అదే జిల్లాలోని మేళ్లచెరువునకో, అట్టి మరియొక గ్రామమునకో కొలువు ముగించుకొని చేరిన మాజీ సైనికుని యోగక్షేమములను మన మేపాటి విచారించుచున్నాము?

సామాన్య జవాను పదునైదు, ఇరువది యేండ్లు కొలువు చేసి నలువది యేండ్ల ప్రాయము నాటికే పింఛనుతో నింటికి వచ్చును. వేకువ కవాతు లేదు. తోడి జవానులు లేరు. చూచిన మరణములను చెప్పుకొందమన్న వినువారు లేరు. పగలు పనిలేమి, రాత్రి నిద్రలేమి. దండులో చలికిని అలసటకును అలవడిన రమ్ము ఇప్పుడీ కొరతల కెల్ల మందై కూర్చుండును. మాజీ సైనికులందరు త్రాగుబోతులని మేమనము. అట్లనుట వారి నవమానించుట. మితము దప్పినవారు కొందఱే కావచ్చును. ఆ కొందఱి యిండ్లలోని దుఃఖము మాత్రము కొంచెము గాదు.

ఇందులకు సర్కారు చేయుచున్న దేమి? మిలిటరీ క్యాంటీనులో నెలనెలా మద్యపు కోటా కలదు. బజారు ధరకంటె చౌక. కార్డు చూచి సీసాలు లెక్కించి యిత్తురు. త్రాగినవాని గతి యేమైనదో లెక్కించువారు లేరు. ఏటేట పింఛనుదారుడు తాను బ్రతికియున్నట్లు పత్రము చూపవలెను. ఎట్లు బ్రతుకుచున్నావని యడుగు పత్రము లేదు!

కోటాను రద్దు చేయుడని కొందఱందురు. మేము దాని నంగీకరింపము. ఊరూర బెల్టు షాపు లుండగా ఆ ముట్టడి వలన ఫల మేమి? మా సూచన వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు త్రాగుడు హద్దు మీఱినదో లేదో తెలిసికొనుటకు పది ప్రశ్నలను సిద్ధపఱచి యున్నారు. అడుగుటకు కొన్ని నిమిషములు చాలును. 2003లో నెలకొల్పిన మాజీ సైనికుల ఆరోగ్య పథకపు వైద్యశాలలలో ఆ ప్రశ్నలు ప్రతివానిని ఏటేట అడుగవలెను. కోటా వలదన్నవానికి ఆ లాభమును ఇంటి సామానులలో నీయవలెను. చిరకాలముగా మిక్కిలి త్రాగినవాడు ఒక్కసారిగ మానినచో మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున ఒట్టు పెట్టించుట చాలదు, వైద్యుని పర్యవేక్షణ కావలెను.

ఇంటి యాపద మొదట తెలియునది ఇల్లాలికి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలిపోయినది. శాసనము వచ్చును, పోవును. ఇల్లాలి యెఱుక పోదు. వైద్యశాల ఆమె మాటను గూడ వినవలెను. దూరపు పల్లెలవారు 14416 సంఖ్యకు టెలిఫోను చేసి మానసిక వైద్యసలహాను ఉచితముగ పొందవచ్చును.

ఈ పని కాలయాపనకు తగదు. 2022లో ఆరంభమైన అగ్నిపథమున చేరిన యువకులలో నాలుగింట మూడు వంతులవారైనను నాలుగేండ్లకే మరలి రావలసినవారు. వారికి పింఛనును లేదు.

గ్రామమునకును ధర్మము కలదు. మహాశివరాత్రికి మేళ్లచెరువు శంభులింగేశ్వరుని జాతరకు వేలకొలది జనము చేరుదురు. అంతటి జనమును నడుపుటకు శిక్షణ యెఱిగినవారు మాజీ సైనికులు గాక యెవరు? పంచాయతీవారు వారిని పిలువవలెను. ఊరి బాలురకు పరుగును, కసరత్తును నేర్పు భారము నప్పగింపవలెను. దేశమును కాచినవాడు దేశమునకు ఇంకను కావలసినవాడని తెలిసికొన్ననాడు సీసా తనంతట దిగకున్నను, దానిని దించు చేతికి బలము వచ్చును. సమాధులపై పూలు చల్లు జాతి సజీవుల తలుపు కూడ తట్టుగాక!