జపాన్ ఆట పెట్టిన చీవాట్లు

పోయిన వేసవి సెలవులకు లింగాలలో ఉన్నాను. మిట్టమధ్యాహ్నం చీనీ తోటలో కూడా నిలబడలేని ఎండ. కరెంటు ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్ ముందే కూర్చునేవాణ్ణి. హాస్టల్లో ఒక సీనియర్ పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చిన జపాన్ ఆట ఒకటి ఉండె. పేరు 'యుమే నిక్కి', అంటే 'కలల డైరీ'. కికియామా అనే మారుపేరుతో ఎవరో 2004లో ఆర్‌పీజీ మేకర్ 2003తో తయారుచేసి ఉచితంగా వదిలిన ఆట అది.

జిప్ విప్పితే ఫైళ్ల పేర్లన్నీ పిచ్చి గీతలు. ఆట నొక్కితే 'ఫలానా ఫైలు దొరకలేదు' అంటోంది. ఫైలేమో కళ్లముందే ఉంది!

కారణం మన సీఎస్‌ఈ వాళ్లకు తెలిసే ఉంటుంది, మిగతావాళ్ల కోసం చెప్తాను. కంప్యూటర్‌లో ఉండేవి అంకెలే. ఏ అంకెకు ఏ అక్షరమో చెప్పే పట్టికను కోడ్ పేజీ అంటారు. జపాన్ వాళ్ల పాత ప్రోగ్రాములు షిఫ్ట్-జిస్ అనే పద్ధతిలో రాసుకున్నవి, విండోస్‌లో దాని కోడ్ పేజీ నంబరు 932. మన విండోస్ అవే అంకెల్ని ఇంగ్లీషు పట్టికతో చదువుతుంది. అందుకే గీతలు. ఈ గందరగోళానికి జపాన్ వాళ్లు పెట్టుకున్న పేరు 'మొజిబాకె', అక్షరం వేషం మార్చుకోవడం అన్నమాట.

మందు సులువే. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్, అందులో అడ్మినిస్ట్రేటివ్, అక్కడ సిస్టమ్ లొకేల్‌ను జపనీస్‌కు మార్చాలి. కింద యూటీఎఫ్-8 బీటా అని ఒక గడి ఉంటుంది, దానికి టిక్ ఉంటే తీసేయాలి. రీస్టార్ట్ చేసి, జిప్‌ను మళ్లీ మొదటినుంచి విప్పాలి. ముందు విప్పిన ఫోల్డర్ పనికిరాదు, దాంట్లో పేర్లు అప్పటికే చెడిపోయినాయి. ఇంత చేశాక ఆట నడిచింది. ఫోల్డర్ దారుల్లో వెనక్కి వాలిన గీత బదులు అక్కడక్కడా యెన్ గుర్తు కనబడితే కంగారు పడొద్దు, ఆ పట్టికలో ఆ అంకెకు అదే బొమ్మ.

అసలు కథ ఆ సాయంత్రం మొదలైంది.

మా జేజినాయన చెక్కభజన గురువు. ఆయన కట్టిన పాటల్ని మా నాయన 2004లో ఒక డీటీపీ సెంటర్లో టైప్ చేయించినాడు, పుస్తకం వేద్దామని. పుస్తకం పడలేదు. నోటుబుక్కు చెదలు తినేసింది. జేజినాయనా పోయినాడు. మిగిలింది ఒక సీడీ. దాంట్లోది ఎప్పుడో నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాను గానీ, తెరిస్తే నెత్తిన చుక్కలూ టోపీలూ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు వచ్చేవి. ఆ రోజు ఊరికే మళ్లీ తెరిచాను. ఈసారి జపాన్ అక్షరాలు!

జేజి పక్కనే కూర్చుని చూస్తా ఉంది. "ఏందిరా ఈ గీతలు? మీ జేజినాయన ఇట్ల రాసినాడా?" అనింది. నాకు నవ్వు రాలేదు.

ఆట 2004 నాటిది, పాటల ఫైలూ 2004 నాటిదే. ఎక్కడో జపాన్‌లో ఎవరో చేసిన ఆట లింగాలలో ఒక్క సెట్టింగ్ మారిస్తే నడిచింది. పులివెందుల పక్కన కట్టిన పాట మాత్రం కట్టినాయన ఇంట్లోనే తెరుచుకోలేదు. ఎందుకు?

జపాన్ వాళ్లేం తప్పులు చేయలేదని కాదు. వాళ్లకూ మూడు రకాల ఎన్‌కోడింగ్‌లు ఉండేవి, మొజిబాకె అనే మాట పుట్టిందే ఆ అవస్థలోంచి. కానీ 1978లోనే వాళ్లు తమ అక్షరాలకు ఒక జాతీయ ప్రమాణం పెట్టుకున్నారు. తర్వాతి పద్ధతులు దానిమీద నిలబడినవే, పట్టికలన్నీ బహిరంగమే. మనకూ 1991లో ఇస్కీ ప్రమాణం వచ్చింది, అదే ఏడాది యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు 128 గళ్లు కేటాయించారు. అయినా అచ్చు పనులు వేరే దారిన పోయినాయి. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు తలకట్లూ వత్తులూ ముక్కలుగా కూర్చిన ఫాంట్లతో పని నడిచింది. ఫాంటుకొక పట్టిక. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగు, లేకపోతే చెత్త.

అప్పటి వాళ్లను తిట్టడం న్యాయం కాదు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు వచ్చినా, సంక్లిష్ట లిపుల సదుపాయాన్ని సీడీ పెట్టి వేరుగా ఎక్కించుకోవాల్సి వచ్చేది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు వత్తులు చెదిరిపోయేవి. రేపటికి పుస్తకం కావాలంటే డీటీపీ ఆయన మాత్రం ఏం చేస్తాడు? కానీ ఇప్పుడు ఆ సాకు లేదు. తిరుమల కృష్ణ దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్ల కాలం నుంచీ ఉచిత యూనికోడ్ ఫాంట్లు పెరుగుతూనే ఉన్నాయి. ఫోన్లో అమ్మానాన్నలు కూడా యూనికోడ్‌లోనే టైప్ చేస్తున్నారు. అయినా కాలేజీ ఫంక్షన్ ఆహ్వానాలూ, ఫేర్‌వెల్ సంచికలూ ఇంకా పాత ఫాంట్లలోనే తయారవుతున్నాయి. "అచ్చులో బాగుంటది బ్రో" అంటారు. బాగుంటది, నిజమే. ఆ పీడీఎఫ్‌లో నీ పేరు వెతికి చూడు, దొరకదు.

నా అభిప్రాయం ఒక్కటే. యూనికోడ్‌లో లేని తెలుగును కంప్యూటర్‌లో దాచాం అనుకోవద్దు. మన క్లబ్‌కు నా మనవి: ఇకనుంచి రచనలు యూనికోడ్‌లోనే తీసుకుందాం. పాత సంచికల ఫైళ్లు ఎవరి దగ్గరున్నా, ఏ ఫాంటో గుర్తున్న వాళ్లు మన మధ్య ఉండగానే మార్చేద్దాం. ఇది ఏ బ్రాంచి వాళ్లయినా చేయగలిగిన పనే.

పాటల సంగతి చెప్పలేదు కదూ. పులివెందులలో ఒక పాత డీటీపీ ఆయన అక్షరాల వరస చూసి ఫాంటు పేరు చెప్పినాడు, తన పాత కంప్యూటర్లోంచి వెతికి ఇచ్చినాడు. లొకేల్ తిరిగి ఇంగ్లీషుకు మార్చి, ఫాంటు వేస్తే తెలుగు కనబడింది. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి తెస్తే వత్తులు సగం తప్పులు. జేజి పాడుతుంటే విని సరిచేసుకుంటూ పోయాను. ఇరవైమూడు పాటల్లో పంతొమ్మిది బాగయినాయి. మిగతా నాలుగు జేజికీ పూర్తిగా గుర్తు లేవు.

'యుమే నిక్కి' ఇంకా సగంలోనే ఉంది. మళ్లీ సెలవులకు పోయినప్పుడు ముందు ఆ నాలుగు పాటల పని చూడాలి. జేజికి ఎనభై దాటినాయి.