తాతయ్య తెరమీద ఏ భాష మాట్లాడాలి?

కవుల జీవితాలు మన సినిమాకు కొత్త కాదు. 1947లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో నాగయ్య వేమన పాత్ర ధరించారు. 1970లో పద్మనాభం తీసిన ‘కథానాయిక మొల్ల’లో వాణిశ్రీ మొల్లగా నటించారు. తెనాలి రామకృష్ణుని కథను బి.ఎస్.రంగా 1956లో తెలుగు, తమిళాల్లోను, 1982లో కన్నడంలోను తీశారు. ప్రతి సినిమాకూ ఒక భాషే. అయితే ఒకే కవి రెండు భాషల్లో రాసి ఉంటే తెరమీద ఆయన చేత ఏ భాష మాట్లాడించాలి?

మా ప్రాంతానికి ఇది ఊరికే వేసుకున్న ప్రశ్న కాదు. చింతామణి తాలూకా కైవారానికి చెందిన యోగి నారేయణ, అంటే మనందరి కైవారం తాతయ్య, తెలుగులోనూ కన్నడంలోనూ రాశారు. ఆయన జీవితం మీద ఇకముందు ఎవరు సినిమా తలపెట్టినా, మా బడుల తరఫున మేము అడిగేది ఒక్కటే: ఆ రెండు భాషలూ వినిపించాలి.

తాతయ్యను ఒక్క కన్నడంలోనే మాట్లాడిస్తే మా పిల్లల ఇంటి మాట మాయమవుతుంది. ఒక్క తెలుగులోనే మాట్లాడిస్తే ఆయన కన్నడ కీర్తనలకు అన్యాయం జరుగుతుంది. ఆయన మావాడే అని లాక్కోవడం మా ఉద్దేశం కాదు. విదురాశ్వత్థంలో నాగప్రతిష్ఠల చుట్టూ తిరిగే భక్తుల్లో ఒకరు తెలుగులో మొక్కుకుంటారు, పక్కనున్నవారు కన్నడంలో మొక్కుకుంటారు. బాగేపల్లి సంతలో బేరం ఒక భాషలో మొదలై మరో భాషలో తెగుతుంది. తాతయ్య తిరిగిన నేల ఇదే. దీన్ని ఉన్నది ఉన్నట్టు చూపితే చాలు.

రెండు భాషల సినిమా ఆడదని నిర్మాతలు అనవచ్చు. తెర అడుగున అక్షరాలు చదువుకుంటూ పరభాషా చిత్రాలు చూడటం ఇప్పుడు ఇంటింటా అలవాటైంది. ఆ సాకు చెల్లదు.

నటుడు ఎక్కడివాడన్న పట్టింపు మాకు లేదు. 2000లో వచ్చిన ‘భారతి’ సినిమాలో తమిళ మహాకవిగా నటించింది మరాఠీవారైన షాయాజీ షిండే. నాగయ్య ‘యోగి వేమన’లో కన్నడ నటి ఎం.వి.రాజమ్మ ఉన్నారు. నటులు ఎవరైనా కావచ్చు. కవి చుట్టూ బతికిన మనుషులు తెరమీద ఉన్నారా లేరా అన్నదే లెక్క.

ఇక్కడే ఇంకో మాట. తాతయ్య వృత్తి గాజులు అమ్మడం. నోటిలో పెట్టుకున్న గులకరాయి కలకండ అయిందన్న కథ వైపు కెమెరా పరుగెత్తుతుంది, సహజమే. కానీ మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన మనిషికి ఎన్ని గడపలు, ఎన్ని కులాలు, ఎన్ని కష్టాలు తెలిసి ఉంటాయి! చెయ్యి చాచి గాజులు వేయించుకున్న ఆడవాళ్ళు, అప్పు పెట్టినవాళ్ళు, ఇంట్లో పొయ్యి వెలగక సతమతమైన ఇల్లాలు లేకపోతే ఆ తత్త్వాలు ఎక్కడి నుంచి వచ్చాయో పిల్లలకు అర్థం కాదు. అలాంటి ఆడవాళ్ళను ఒక పాటలో గుంపుగా నిలబెట్టి వదిలేస్తే సరిపోదు. వాళ్ళకూ మాటలు రాయాలి.

సినిమా మన చేతిలో లేదు, బడి ఉంది. ఈ ఏడాది వార్షికోత్సవంలో తాతయ్య కథను నాటకంగా వేద్దాం. తెలుగు అయ్యవారు, కన్నడ మేష్టరు కలిసి కూర్చుని సంభాషణలు రాయాలి. భజనల్లో పాడే అవ్వల దగ్గరికి పిల్లలను పంపి తత్త్వాలు రాయించుకు రావాలి. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడటం చిన్నతనమని కుంచించుకుపోయే పిల్లవాడు, తాతయ్య వేషం కట్టి రెండూ మాట్లాడితే జనం చప్పట్లు కొట్టడం ఒక్కసారైనా చూడాలి.