పుట్ ఆఫ్ అంటే పోస్ట్‌పోన్ ఒక్కటేనా?

ఇంగ్లిష్ గైడు ఏది తిరగేసినా ఎక్కడో ఒకచోట ఒక పట్టిక కనిపిస్తుంది. ఎడమ వరసలో ‘పుట్ ఆఫ్’, ఎదురుగా ‘పోస్ట్‌పోన్’. దాని కింద ‘పుట్ అప్ విత్’, ఎదురుగా ‘టాలరేట్’. ఇలా పేజీలకు పేజీలు. వీటిని ఫ్రేజల్ వెర్బులు అంటారు. ఆఫ్, అప్, అవుట్ లాంటి చిన్న మాట క్రియకు తగిలి కొత్త అర్థం పుట్టించే జంటలివి. పోటీ పరీక్షల కోచింగ్ నోట్సులోనూ ఇదే వరస. పిల్లలు పట్టిక అప్పజెబుతారు, పరీక్షలో జతపరుస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. తీరా ఫ్యాను ఆపమని చెప్పాల్సి వచ్చేసరికి ‘టర్న్ ఆఫ్ ఇట్’ అంటారు. అది పిల్లల తప్పు కాదు. పట్టిక వాళ్లకు అర్థం ఇచ్చింది గాని, ఆ జంట వాక్యంలో ఎలా మసలుతుందో చెప్పలేదు. ఫ్రేజల్ వెర్బుల్ని పదజాలం కింద జమకట్టడం మానేసి, వాక్య నిర్మాణంలో భాగంగా నేర్పితే తప్ప ఈ చిక్కు తీరదు.

చిక్కంతా కర్మపదం ఎక్కడ కూర్చుంటుందన్న దగ్గరే ఉంది. ‘టర్న్ ఆఫ్ ది ఫ్యాన్’ అనవచ్చు, ‘టర్న్ ది ఫ్యాన్ ఆఫ్’ అనీ అనవచ్చు. ఫ్యాను బదులు ‘ఇట్’ వచ్చిందా, ఇక ఒకటే దారి: ‘టర్న్ ఇట్ ఆఫ్’. దీనికో కారణం ఉంది. ఇంగ్లిష్ వాక్యం సాధారణంగా కొత్త సంగతిని చివరికి నెడుతుంది. ‘ఇట్’ ఇద్దరికీ తెలిసిన వస్తువు, ఊనిక అక్కర్లేనిది. అందుకే అది మధ్యలో ఒదిగిపోతుంది, బలం ‘ఆఫ్’ మీద పడుతుంది. అదే కర్మపదం చాంతాడంత పొడుగుంటే మధ్యలో ఇమడదు, చివరికి పోతుంది. ‘లుక్ ఆఫ్టర్’ సంగతి వేరు. దాన్ని ఏ కర్మపదమూ విడదీయలేదు; ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనాలే తప్ప ‘లుక్ హర్ ఆఫ్టర్’ అనకూడదు. పట్టికలో మాత్రం ఈ రెండు రకాలూ ఒకదాని కింద ఒకటి, ఒకే కులం వాటిలా కూర్చుని ఉంటాయి. పైగా ‘పికప్’ లాంటివాటిని మనం తెలుగులోకి ముద్దగా తెచ్చుకుని ‘పికప్ చేసుకో’ అంటున్నాం. ఆ ముద్దను అలాగే ఇంగ్లిష్‌కి తిరిగి పంపితే ‘పికప్ మీ’ అవుతుంది.

క్రియకు ఇంకో మాట తగిలి అర్థం మారిపోవడం తెలుగువాళ్లకు వింతేమీ కాదు. ఎత్తడం వేరు, పొడవడం వేరు. ఎత్తిపొడవడం నోటితో చేసే పని. వాదనను కొట్టిపారేసినప్పుడు ఎవరికీ దెబ్బ తగలదు. సంసారాన్ని నెట్టుకొస్తున్నామంటే బండి తోస్తున్నామని కాదు. కోర్టు పిటిషన్‌ను తోసిపుచ్చిందని ఈ పత్రికల్లోనే రోజూ చదువుతాం. వీటిని ఏ పిల్లకీ ఎవరూ పట్టిక వేసి నేర్పలేదు. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో వింటూ పట్టేసింది. తేడా ఒక్కటే. మన జంటలోని రెండు క్రియలు ఎప్పుడూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే ఉంటాయి, ఇంగ్లిష్ జంట విడిపోయి మధ్యలో మరొకరికి చోటిస్తుంది. ఈ పోలికనూ ఈ తేడానూ తరగతిలో తెలుగులోనే పది నిమిషాలు చెబితే పని సగం అవుతుంది. ఇంగ్లిష్ మీడియం బడిలో తెలుగు వినిపించకూడదనే పట్టింపు ఇక్కడ చేసే నష్టం తక్కువేం కాదు.

ఇవి వేలల్లో ఉన్నాయి, పట్టిక లేకుండా ఎలా అంటారు. పరభాషీయులకు ఇవి కష్టమన్న సంగతి కొత్తదీ కాదు. 1755లో వెలువడిన తన నిఘంటువు ముందుమాటలోనే శామ్యూల్ జాన్సన్ ఆ మాట ఒప్పుకున్నాడు. కానీ లెక్క తీస్తే భయం తగ్గుతుంది. వాడుకలోని ఇంగ్లిష్‌ను పోగుచేసిన పది కోట్ల పదాల భాండారం (కార్పస్) బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను గార్డ్‌నర్, డేవిస్ అనే పరిశోధకులు పరిశీలించి 2007లో ఫలితాలు ప్రచురించారు. కేవలం 20 క్రియలు, 8 చిన్న మాటలతో కలిసి ఏర్పడే జంటలే అందులోని ఫ్రేజల్ వెర్బుల వాడకంలో సగానికి పైగా ఉన్నాయి. అంటే నేర్వాల్సిన సరుకు తక్కువే. అయితే అదే అధ్యయనం ఇంకో సంగతీ చెప్పింది: ఎక్కువగా వాడే వంద జంటల్లో ఒక్కోదానికి సగటున అయిదుకు పైగా అర్థాలున్నాయి. ‘పుట్ ఆఫ్’నే చూడండి. పెళ్లిని పుట్ ఆఫ్ చేస్తే వాయిదా. కూర వాసన మనల్ని పుట్ ఆఫ్ చేస్తే ఏవగింపు. ‘టర్న్ డౌన్’ చేసింది రేడియోనైతే సౌండు తగ్గింది, ఉద్యోగాన్నయితే వద్దనుకున్నట్టు. ఏ అర్థమో తేల్చేది పక్కనున్న కర్మపదం. ఒక మాటకెదురుగా ఒక మాట పెట్టే పట్టికకు ఈ పని చేతకాదు.

ఇంకో అభ్యంతరం బరువైనదే. ‘టాలరేట్’ ఉండగా ‘పుట్ అప్ విత్’ దేనికి? ఆఫీసు ఉత్తరాలకూ పరిశోధన వ్యాసాలకూ ఒంటి క్రియే హుందాగా ఉంటుంది గదా? రాతవరకు నిజమే. ఫ్రేజల్ వెర్బులు సంభాషణలోనూ కథల్లోనూ విరివిగా, శాస్త్రీయ రచనలో అరుదుగా కనిపిస్తాయని 1999లో వచ్చిన లాంగ్‌మన్ వ్యాకరణం కార్పస్ ఆధారంగానే చూపించింది. మాతృభాషలో ఇలాంటి జంటలు లేని విద్యార్థులు ఒంటి క్రియ వైపే మొగ్గుతారని ఇజ్రాయెల్‌లో హీబ్రూ మాట్లాడేవారి మీద జరిగిన 1985 నాటి అధ్యయనం ఒకటి తేల్చింది. మాట్లాడేటప్పుడు మనం తప్పించుకోవచ్చు, వినేటప్పుడు తప్పించుకోలేం. అమెరికాలో డాక్టరు వాంతుల గురించి అడిగేటప్పుడు ‘వామిట్’ అనే అంటాడన్న భరోసా లేదు, ‘త్రోయింగ్ అప్’ అనవచ్చు. డాలస్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిన తల్లికి ఆ ప్రశ్న అర్థం కావాలి.

మన ఇంగ్లిష్ మనది, ఇంగ్లండు వాళ్ల కొలతలు మనకెందుకు అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. ‘2019 పాస్డ్ అవుట్’ అంటే ఇక్కడ ఆ ఏడు డిగ్రీ పూర్తిచేసినవాళ్లని అందరికీ తెలుసు. దుండిగల్ వైమానిక దళ అకాడమీలో పాసింగ్ అవుట్ పరేడ్ జరుగుతూనే ఉంది. అందులో దిద్దాల్సిందేమీ లేదు. కానీ అదే ముక్క అమెరికన్ ఇంటర్వ్యూలో చెబితే, 2019లో స్పృహ తప్పి పడిపోయానని అవతలివాడికి వినిపించవచ్చు. ఏది తప్పు, ఏది ఒప్పు అన్న తగాదా అనవసరం. ఏ మాట ఎవరి చెవికి ఎలా వినిపిస్తుందో విద్యార్థికి తెలిస్తే చాలు, తర్వాత ఎంపిక తనదే. ఆ తెలివిడికీ సందర్భమే దిక్కు.

ఇక చివరిగా వినిపించేది, అరవై మంది ఉన్న తరగతిలో ఇవన్నీ జరిగే పనులా అని. ఇందులో టీచర్ల ఇబ్బంది నిజం. అయినా దక్షిణాదిలో ఒక ప్రయత్నం జరిగింది. ఎన్.ఎస్. ప్రభు నడిపిన బెంగళూరు ప్రాజెక్టు 1979 నుంచి 1984 దాకా మామూలు బడుల్లోనే సాగింది. వ్యాకరణ పాఠాలు పక్కనబెట్టి, రైల్వే టైంటేబుళ్లు, మ్యాపుల వంటివి ఇచ్చి, చిక్కుముడులు విప్పిస్తూ ఇంగ్లిష్ నేర్పారు. దాని ఫలితాల అంచనా మీద నిపుణుల్లో వాదోపవాదాలు ఉన్నాయి. అద్భుతం జరిగిందని నేననను. అయితే రంగుల ల్యాబులూ విదేశీ టీచర్లూ లేకుండానే ఆ పద్ధతి సాధ్యమని మాత్రం తేలింది. ఫ్రేజల్ వెర్బులకు అంత పెద్ద మార్పు కూడా అక్కర్లేదు. ముందు ప్రశ్నపత్రం మారితే చాలు. పరీక్షలో అడిగిందే బడిలో చెబుతారు గనుక, జతపరచమనే ప్రశ్న తీసేసి నాలుగు వరుసల సంభాషణ ఇవ్వాలి. ఫ్యాను సంగతి మొదటి వరుసలో ఒకరు ఎత్తాక, రెండో వరుసలో దాన్ని ఆపమని రెండోవాళ్లు ఏమంటారో ఖాళీ పూరించమనాలి. జవాబు ‘టర్న్ ఇట్ ఆఫ్’ ఒక్కటే కాబట్టి దిద్దడానికి పాత ప్రశ్నకంటే ఎక్కువ సమయమేమీ పట్టదు.