కోతికి ఆ అలవాటు నేర్పినదెవరు?



హిందూపురం నుండి ధర్మవరం వెళ్లే దారిలో పెనుకొండ దగ్గర ఆగినప్పుడెల్లా కోతులకు అరటిపండ్లు వేయడం మా యింట చాలా ఏండ్లుగా ఉండిన అలవాటు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. మూగజీవులకు పెట్టాము గదా అని మేమూ తృప్తిపడేవారము.

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, కొండ పక్క పల్లెలో మూడెకరాలు సేద్యము చేసుకొనే సహోదరుడొకరు నవ్వుతూనే మాతో ఇట్లన్నారు: "అన్నా, మీరు కొండకాడ ఒక పండు ఇచ్చి పోతారు. మిగతా కడుపు నింపేది మా శెనక్కాయ చేను."

ఆ నవ్వు వెనుక ఉన్న బాధ మాకు ఇంటికి వచ్చిన తరువాత గాని తెలియలేదు. వానలు అంతంతమాత్రమైన ఈ సీమలో, ఊడలు దిగి కాయ కట్టే వేళ చెట్లను పెరికి పారవేస్తే ఆ కుటుంబము అప్పు ఎట్లు తీర్చగలదు?

"కోతి బుద్ధి" అని మనము తేలికగా అంటాము. అయితే ఆ బుద్ధిలో పుట్టుకతో వచ్చినది ఎంత, ఉన్న చోటు నేర్పినది ఎంత? దీనికి ఆఫ్రికాలోని చింపాంజీలు మంచి సాక్ష్యము. 1960లో జేన్ గూడాల్ అనే ఆమె టాంజానియాలోని గోంబే అడవికి వెళ్లి, అవి పుల్లను పుట్టలో దూర్చి చెదలను బయటికి లాగి తినడం చూచారు. ఐవరీ కోస్టులోని తాయ్ అడవిలో అవి రాతితోను కట్టెతోను గట్టి కాయలను పగులగొడతాయి. గోంబేలో ఆ పని చేయవు. సెనెగల్‌లోని ఫొంగోలి మన సీమవలె ఎండలు మండే చోటు. అక్కడివి గుహల నీడన పడుకుంటాయి, నీటి మడుగులలో కూర్చుంటాయి. జాతి ఒక్కటే. చోటును బట్టి, పెద్దవాటిని చూచి నేర్చుకొన్నదానిని బట్టి నడవడి మారింది.

మనిషి చెయ్యి పడితే మరొక మార్పు. గోంబేలో దగ్గరగా చూడవలెనని 1960లలో అరటిపండ్లు పెట్టినప్పుడు, చింపాంజీలు ఒకే చోట గుమిగూడి కొట్లాటలు ఎక్కువ చేశాయి. 144 చింపాంజీ గుంపులను పరిశీలించి 2019లో ప్రకటించిన పరిశోధన ఒకటి, మనుష్యుల ఒత్తిడి ఎక్కువైన చోట్ల వాటి నేర్పులలోని వైవిధ్యము బాగా తగ్గినదని తెలిపింది.

ఇప్పుడు మన పెనుకొండకు రండి. 1565 తల్లికోట యుద్ధము తరువాత విజయనగర రాజులకు రాజధానియైన ఆ కొండ మీది కోతులను శాస్త్రజ్ఞులు బానెట్ మకాక్ అంటారు. దక్షిణ భారతములో తప్ప లోకములో మరెక్కడా ఇవి సహజముగా లేవు. అడవిలో ఉన్నవి పండు, ఆకు, పురుగు వెదకుటలోనే పగలు చాలా భాగము గడుపుతాయి. మనము పెట్టే చోట ఉన్నవో, దారి పక్కన కూర్చుండి ఎదురు చూస్తాయి, పెట్టకపోతే లాక్కుంటాయి. పొరుగున ఉన్న కర్ణాటకలోని బందిపూరులో ఇవి మనుష్యుల యెదుట చేయి చాచి, సన్నగా కూసి తిండి అడుగుచున్నవని 2018లో పరిశోధకులు వ్రాశారు. అడుక్కొనుట వాటి తల్లి అడవి నేర్పినది కాదు. మనము నేర్పినది.

తప్పంతా పండు వేసినవారిదే అనడం లేదు. రోడ్ల వెడల్పు కొరకు మర్రిచెట్లు, చింతచెట్లు కొట్టినప్పుడు వాటి తిండీ, పడకా పోయాయి. పట్టి మరొక కొండ మీద వదిలితే, మన కష్టము మరొక పల్లె మీదికి పోతుంది గాని తీరదు.

కాబట్టి మన కుటుంబాలు చేయగలిగినవి చేద్దాము. బస్సులో నుండి, రైలు కిటికీలో నుండి తిండి వేయడం మానుదాము. మిగిలిన అన్నమును పెంటదిబ్బ మీద తెరిచి పెట్టవద్దు. పంట కాపలాకు ఇంటికి ఒకరు చొప్పున వంతులు వేసుకొంటే ఒంటరి రైతుకు భారము తగ్గుతుంది. ఊరి పొలిమేరలలో మర్రి, రావి, మేడి, నేరేడు నాటుదాము. కోతి కరిస్తే పసుపు, సున్నము పూయక, సబ్బుతో ధారగా వచ్చే నీటిలో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబీస్ టీకా సంగతి అడగండి.

మొన్న పెనుకొండ దగ్గర ఆగినప్పుడు మా చిన్నది, "ఈసారి పండు వేయమా? అది ఆకలితో ఉంది గదా!" అని అడిగింది. జవాబు చెప్పడం సులువు కాలేదు. ఆకలి నిజమే. అయితే మన దయకు వెల ఎవరు కడుతున్నారో చూడవలసినదీ మనమే. పండ్లు సంచిలోనే ఉంచుకొని, ఆ సహోదరుని చేని గట్టు మీద నాటుటకు నాలుగు నేరేడు మొక్కలు తీసుకొని వెళ్లాము. అవి కాపుకు వచ్చుటకు ఏండ్లు పడుతుంది. ఆ అలవాటు నేర్పుటకు మాకును ఏండ్లే పట్టింది.