లష్కరు యుద్ధానికి చోటేది? తెలుగు వైజ్ఞానిక కల్పనపై ఒక ఆక్షేపణ

తెలుగు సైన్స్ ఫిక్షన్‌ను తూచేటప్పుడు విమర్శ తరచుగా ఒకే తూనికరాయిని వాడుతుంది: ఇందులోని విజ్ఞానం సరైనదా, కాదా? ఈ ప్రశ్న అవసరమే, కానీ చాలదు. కాలయంత్రం సాధ్యమా అని వాదించే విమర్శ, ఆ యంత్రం ఏ కాలాల్లో ఆగింది, ఏ కాలాలను ఆగకుండా దాటిపోయింది అని కూడా అడగాలి. అడిగితే ఒక లోటు బయటపడుతుంది. అత్యంత జనాదరణ పొందిన మన వైజ్ఞానిక కల్పనల్లో యుద్ధానికి కొరత లేదు. అయితే అది పురాణంలోని యుద్ధం, కాకుంటే ఇంకా జరగని యుద్ధం. నిజంగా జరిగిన ఆధునిక యుద్ధానికి మాత్రం అక్కడ చోటు దొరకలేదు.

సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991)లో కాలయంత్రం శ్రీకృష్ణదేవరాయల విజయనగరానికి వెళ్తుంది, ఆపైన 2504కు చేరుతుంది. అప్పటికి మూడవ ప్రపంచయుద్ధం ముగిసిపోయింది. అణుధార్మికతకు వెరచి మనుషులు భూగర్భంలో బతుకుతున్నారు. మూడవ యుద్ధపు ఫలితాన్ని చూపిన ఆ యంత్రం మొదటి రెండు యుద్ధాల దగ్గర ఆగలేదు. నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ (2024) కురుక్షేత్రంతో మొదలై ఒక్క అంగలో 2898 నాటి కాశీకి చేరుతుంది. వినోదచిత్రం చరిత్రపాఠం చెప్పి తీరాలని ఎవరూ శాసించలేరు. కానీ ఈ దాటవేతను సంప్రదాయాభిమానంగా మెచ్చుకుని ఊరుకోవడం విమర్శ పని కాదు.

సికింద్రాబాదు మోండా మార్కెట్ పరిసరాలను గమనిస్తే లోటు మరింత స్పష్టమవుతుంది. 1806లో ఏర్పడిన బ్రిటిష్ సైనిక స్థావరం చుట్టూ పెరిగిన నగరమిది. జనం నోట ఇప్పటికీ ‘లష్కరు’. కూరగాయల అంగళ్లకు చేరువలోని రెజిమెంటల్ బజారు పేరులోనే దండు కొలువై ఉంది. ఈ నగరం పేరు పెట్టుకున్న సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్ 1914లో ఫ్రాన్సుకు తరలింది. 1916 జూలై 14న, సోమ్ యుద్ధంలో, హైవుడ్ అనే అడవి వద్ద ఆ బ్రిగేడ్‌లోని 20వ దక్కన్ హార్స్ రౌతులు బల్లేలు పట్టి, మరతుపాకుల కాలంలో గుర్రాలను ఉరికించారు. అదే సోమ్ యుద్ధంలో రెండు నెలలు గడిచేసరికి, సెప్టెంబరు 15న, ప్రపంచంలో మొదటిసారిగా ట్యాంకు రంగంలోకి దిగింది. అటువంటి ఉక్కు వాహనాన్ని హెచ్.జి. వెల్స్ 1903లోనే ‘ద లాండ్ ఐరన్‌క్లాడ్స్’ కథలో ఊహించాడు. బల్లెమూ ట్యాంకూ ఒకే యుద్ధంలో ఎదురైన ఆ చోట రెండు యుగాలను చూడడానికి కాలయంత్రం కూడా అక్కరలేదు. ‘ఆదిత్య 369’కు ప్రేరణ అయిన ‘ద టైమ్ మెషీన్’ రాసినదీ ఆ వెల్సే. అతని యంత్రాన్ని మనం తెచ్చుకున్నాం. యుద్ధాన్ని చూసిన అతని కన్నును తెచ్చుకోలేదు.

నిజమైన యుద్ధం కల్పిత విశ్వంలోకి వస్తే ఏమవుతుందో ఇతర సాహిత్యాలు చూపాయి. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్‌పై బాంబులు కురిసినప్పుడు కర్ట్ వానెగట్ అక్కడ యుద్ధఖైదీ. అతని ‘స్లాటర్‌హౌస్-ఫైవ్’ (1969)లో కథానాయకుడు కాలం మీద పట్టు తప్పి, డ్రెస్డెన్‌కూ పరగ్రహానికీ నడుమ తిరుగాడుతుంటాడు. గాయపడిన జ్ఞాపకానికి వరుస ఉండదు గనుక కథాకాలానికీ ఉండదు. వియత్నాంలో పనిచేసి వచ్చిన జో హాల్డెమన్ ‘ద ఫరెవర్ వార్’ (1974)లో సాపేక్ష సిద్ధాంతాన్ని సిపాయి బతుకుకు అన్వయించాడు. నక్షత్రాల నడుమ పోరాడినవాడికి కొన్నేళ్లు గడిచేసరికి భూమిపై శతాబ్దాలు గడుస్తాయి. తిరిగి వచ్చినవాడికి స్వస్థలమే పరాయిదవుతుంది. ఈ కృతులలో యుద్ధం నేపథ్యం కాదు, ఆ విశ్వపు నియమాలను నిర్ణయించే శక్తి.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, దక్కన్ హార్స్ రౌతులలో ప్రధానంగా సిక్కులు, జాట్లు, దక్కనీ ముస్లింలు ఉన్నారు, పైగా అది వలసపాలకుల యుద్ధం, తెలుగువారికేమిటి సంబంధం అని. మరి కురుక్షేత్రంలో తెలుగువారెందరని ఎవరు లెక్క అడిగారు? రెండవది, పురాణం జనసంస్కృతికి సహజం, దండు కథ పరాయిది అని. దీనికి మోండా మార్కెట్‌కు దగ్గరలోని ఉజ్జయిని మహంకాళి ఆలయమే జవాబు. 1813లో దండుతో ఉజ్జయినికి వెళ్లిన డోలీ బోయీ సురటి అప్పయ్య, ఇక్కడ కలరా ప్రబలిందని విని మొక్కుకున్నాడనీ, తిరిగివచ్చి 1815లో అమ్మవారిని నిలిపాడనీ స్థలకథనం. లష్కరు బోనాల మరునాడు, ‘రంగం’లో, పచ్చికుండపై నిలిచిన స్త్రీ భవిష్యవాణి వినిపిస్తుంది. దండు ప్రయాణం, మహమ్మారి, రాబోయే కాలం అన్నీ ఒకే ఆవరణలో కలిశాయి. జనసంస్కృతి కలుపుకున్నదాన్ని ఆధునిక కల్పన వదిలేసింది.

కాబట్టి పరిశోధన తన ప్రశ్నలను పెంచుకోవాలి. ఒక కల్పిత విశ్వంలో యుద్ధం ఎవరిది, ఎవరు పంపారు, ఎవరు తిరిగి వచ్చారు అన్నవి విజ్ఞాన ప్రామాణ్యంతో సమానంగా పరీక్షించవలసిన అంశాలు. సోమ్ నుంచి తిరిగి వచ్చిన రౌతుకు లష్కరు అంగళ్లు ఎంత పరాయిగా తోచి ఉంటాయో ఊహించడానికి కాంతివేగంతో పోయే నౌక అవసరం లేదు. ఆ ఊహ లేని భవిష్యత్తులో ఎన్ని యంత్రాలు తిరిగినా, అది గతం ఎరుగని భవిష్యత్తే.