అడ్మిన్ ఇచ్చేస్తే పోలా?

డేటాబేస్ సర్వర్ సర్వీస్ అకౌంట్ మార్చాక పర్మిషన్ ఎర్రర్ వస్తే, కొత్త అకౌంట్‌ను అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో పడేయడం చాలా ఆఫీసుల్లో ఆచారమైపోయింది. "ముందు సర్వర్ లేవనీ, తర్వాత తీసేద్దాం" అంటారు. తీసేసేవాళ్లు అరుదు. పైగా ఇదేదో అనుభవం నేర్పిన చిట్కా అన్నట్టు కొత్తగా చేరినవాళ్లకు చెబుతారు. చిట్కా కాదు, ఎర్రర్ చదవడానికి బద్ధకం.

ఎస్‌క్యూఎల్ సర్వర్ సంగతే చూడండి. సర్వీసు లేవకపోతే ఎర్రర్ లాగ్‌లోనో విండోస్ ఈవెంట్ లాగ్‌లోనో 17113 కనబడుతుంది. పక్కనే ఎర్రర్ 5, అంటే యాక్సెస్ లేదని. మాస్టర్.ఎండీఎఫ్ ఏ ఫోల్డర్‌లో తెరుచుకోలేదో పూర్తి పాత్‌తో సహా అందులోనే ఉంటుంది. ఫలానా గది తలుపు తెరుచుకోలేదని చెబుతుంటే ఇంటి తాళాలగుత్తి మొత్తం చేతిలో పెట్టడమెందుకు?

చాలాసార్లు తప్పు అకౌంట్‌ది కాదు, దాన్ని మార్చిన చోటుది. విండోస్ సర్వీసెస్ కన్సోల్‌లో మారిస్తే లాగాన్ వివరాలు మారతాయి, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు కావలసిన మిగతావి దానికి పట్టవు. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో మారిస్తే రిజిస్ట్రీ, ఫోల్డర్ హక్కులు కూడా సర్దుకుంటాయి. సర్వీస్ మాస్టర్ కీ సంగతీ అదే చూసుకుంటుంది.

"ఏదైతేనేం, అడ్మిన్ ఇస్తే పనైపోయింది కదా" అనే వాదన ఉంది. అవదు. పక్క మెషీన్‌లోని బ్యాకప్ షేర్ దగ్గర ఈ సర్వర్ అడ్మిన్ హక్కు చెల్లదు, బ్యాకప్ ఫైలు తెరవలేనప్పుడు వచ్చే 3201 ఎర్రర్ అలాగే ఉంటుంది. కెర్బెరోస్ ఇంకా మొండిది. సర్వీసును అకౌంట్‌కు ముడిపెట్టే పేరు, అంటే ఎస్‌పీఎన్, పాత అకౌంట్ మీదే ఉండిపోతే క్లయింట్లకు ఎస్ఎస్‌పీఐ కాంటెక్స్ట్ ఎర్రర్ వస్తుంది. ఆ ఎస్‌పీఎన్‌ను యాక్టివ్ డైరెక్టరీలో పాత అకౌంట్ నుంచి తీసి కొత్తదానికి రాయాల్సిందే.

ఇక "లోపలి సర్వరే కదా, ఎవరొస్తారు" అనేవాళ్లు 2002 మే నెలను గుర్తుచేసుకోవాలి. స్పైడా వార్మ్ ఎస్‌క్యూఎల్ సర్వర్లలో పాస్‌వర్డ్ లేని ఎస్ఏ లాగిన్లు పట్టుకుని దూరి, విండోస్ కమాండ్లు నడిపే ఎక్స్‌పీ సీఎండీషెల్ ద్వారా గెస్ట్ అకౌంట్‌ను లేపి అడ్మిన్‌ను చేసింది. ఆ కమాండ్లు నడిచింది సర్వీస్ అకౌంట్ హక్కులతోనే. ఖాళీ పాస్‌వర్డ్ మొదటి తప్పు, నిజమే. మామూలు హక్కులున్న అకౌంట్ అయితే గెస్ట్‌ను అడ్మిన్ చేసే కమాండ్ అక్కడే ఆగిపోయేది.

లినక్స్‌లో ఈ జబ్బు పేరు 777, అంటే అందరికీ అన్ని హక్కులూ. పోస్ట్‌గ్రెస్ దాన్ని సహించదు. డేటా డైరెక్టరీకి 0700 గానీ 0750 గానీ లేకపోతే లేవనే లేవదు, రూట్‌గా నడపబోయినా ఒప్పుకోదు. అక్కడ 777 కొట్టినవాడికి రెండో ఎర్రర్ బహుమానం.

అర్ధరాత్రి అప్లికేషన్ టీమ్ ఫోన్లు మోగుతుంటే తొందర సహజమే. అయినా ప్రాసెస్ మానిటర్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ ప్రాసెస్‌కు, యాక్సెస్ డినైడ్ ఫలితానికి ఫిల్టర్ పెడితే అడ్డుపడుతున్న ఫోల్డర్ దొరుకుతుంది. హక్కు ఆ లోకల్ ఫోల్డర్ మీద, అకౌంట్‌కు కాక ఎన్‌టీ సర్వీస్ కింద ఉండే ఎంఎస్ఎస్‌క్యూఎల్‌సర్వర్ అనే సర్వీస్ పేరుకే ఇవ్వాలి. రేపు అకౌంట్ మళ్లీ మారినా అది చెదరదు. సెక్యూరిటీ ట్యాబ్‌లో ఆ పేరు వెతికేటప్పుడు లొకేషన్ డొమైన్ మీద ఉంటే దొరకదు, సర్వర్ పేరుకు మార్చి చెక్ నేమ్స్ నొక్కాలి.