శిల్పశాల కూడా బడియే

అమీర్‌పేటలో మెట్రో రైలెక్కితే పంజాగుట్ట, ఎర్రమంజిల్ దాటిన తరువాత మూడవ స్టేషను ఖైరతాబాదు. పట్టుమని పది నిమిషాల ప్రయాణం. కాని ఈ రెండు చోట్లా చదువు అనే మాటకు అర్థం వేరు. మైత్రీవనం పరిసరాలలో ఏ మేడ చూసినా శిక్షణ సంస్థల బోర్డులే. బొమ్మలు కూర్చడం, అక్షరాలు దిద్దడం, యానిమేషన్ వంటివి అక్కడ నెలల లెక్కన నేర్పుతారు. ఖైరతాబాదులో మాత్రం బోర్డులేని విద్యాలయం ఒకటి ఏటా జ్యేష్ఠ శుద్ధ ఏకాదశినాడు కర్రపూజతో తెరుచుకొని వినాయక చవితినాటికి మూతపడుతుంది. డిజైన్ చదివే విద్యార్థి ఈ రెండవదానికి కూడా వెళ్లాలన్నది నా అభిప్రాయం.

1954లో సింగరి శంకరయ్య అక్కడ ఒక్క అడుగు ఎత్తు వినాయకుణ్ణి నిలిపారు. ఆ తరువాత ఏటా ఒక్కొక్క అడుగు పెంచుతూ రాగా 2014 నాటికి విగ్రహం 60 అడుగులకు చేరింది. కరోనా కాలంలో, 2020లో, 9 అడుగుల మట్టి విగ్రహంతో సరిపెట్టారు. 2022లో 50 అడుగుల విగ్రహాన్ని మట్టితోనే చేశారు. 2024లో అది 70 అడుగులు. నాలుగు దశాబ్దాలకు పైగా ఈ రూపాలను తీర్చుతూ వచ్చిన శిల్పి తమిళనాడుకు చెందిన చిన్నస్వామి రాజేంద్రన్.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నుండి మట్టికి మారడం పైకి పదార్థంలో వచ్చిన మార్పుగానే కనిపిస్తుంది. నిజానికి దానితో పని స్వభావమే మారిపోతుంది. మట్టి ఆరుతూ కుంచించుకుపోతుంది. తొందరపడితే పగుళ్లు తీస్తుంది. ఒక పూత ఆరనిదే మరొక పూత వేయరాదు. పైగా ఆ పని సాగేది వానకాలంలో. బరువు పెరిగినకొద్దీ లోపలి ఇనుప చట్రం బలం చాలాలి. అంత ఎత్తు విగ్రహాన్ని జనం కిందినుండి చూస్తారు కనుక ముఖాన్ని కాగితం మీది కొలతల ప్రకారమే చేస్తే అది చిన్నదై తోస్తుంది; శిల్పి ఆ తేడాను ముందే ఊహించి పైభాగాన్ని పెంచాలి. చివరికి ఆ విగ్రహం వాహనమెక్కి, నగర వీథులలో మలుపులు తిరిగి, హుస్సేన్ సాగర్ చేరాలి. రూపం, బరువు, వాతావరణం, దారి, గడువు అన్నీ ఒకే ప్రశ్నపత్రంలో వచ్చినట్లన్నమాట! తరగతి గదిలో గడువు తప్పితే మార్కులు తగ్గుతాయి. ఇక్కడ చవితి ఆగదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1919లో జర్మనీలోని వైమార్ నగరంలో స్థాపించిన బౌహౌస్ పాఠశాలలో ఒక్కొక్క పనిశాలకు ఇద్దరు గురువులుండేవారు. ఒకరు రూపకల్పన నేర్పే చిత్రకారుడు, మరొకరు చేతిపని తెలిసిన నిపుణుడు. మన దేశానికి 1958లో డిజైన్ విద్యపై నివేదిక రాసిచ్చిన ఈమ్స్ దంపతులు మెచ్చుకొన్నది ఏ ఆధునిక యంత్రాన్నో కాదు, మన ఇళ్లలోని చెంబును. తరతరాలుగా ఎందరి చేతులలోనో మెరుగుపడిన వస్తువది. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలసింది.

అయితే పని తెలిసినవారందరూ మంచి గురువులు కారు. చేయి తిరిగిన మనిషిని “ఎందుకిలా?” అని అడిగితే “ఇలాగే చేస్తాం” అనే సమాధానం రావచ్చు. ఆ ఎందుకు అనే ప్రశ్నకు జవాబు వెదకడానికే కళాశాల. మాసబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం ఖైరతాబాదుకు ఎంతో దూరం లేదు. కొలతల శాస్త్రం అక్కడ, చేతి ఒడుపు ఇక్కడ. రెంటికీ నడిచే విద్యార్థికి లాభం.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. నేర్పుతామనే పేరుతో విద్యార్థిచేత నెలల తరబడి ఊరక పని చేయించుకొనేవారున్నారు. ఫ్లెక్సీలపై పేర్లు మార్చే పనికే పరిమితమైన పిల్లవాడు నేర్చుకొనేది ఏముంటుంది? జీతం లేని పనికి ఒప్పుకోగలిగేది ఇంటినుండి డబ్బు తెప్పించుకోగలిగినవాడే. పల్లెనుండి వచ్చి అమీర్‌పేట హాస్టలులో ముగ్గురితో గది పంచుకొనే విద్యార్థి ఆ అవకాశాన్ని వదులుకొంటాడు. కనుక పని నేర్చుకొనే కాలానికి కూలి ఉండాలి. ఎంత తక్కువైనా సరే, ఉండాలి.

నేర్పేవారికీ గౌరవం దక్కాలి. పట్టా లేని శిల్పి కళాశాలలో పాఠం చెప్పరాదన్న అడ్డు ఇప్పుడు కొంత తొలగింది. తమ రంగంలో కనీసం 15 సంవత్సరాల అనుభవమున్న నిపుణులను, పట్టా లేకపోయినా, ఆచార్యులుగా నియమించుకోవచ్చునని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇలా నియమించుకొనేవారి సంఖ్య మంజూరైన ఉద్యోగాలలో 10 శాతానికి మించరాదు. అయితే ఈ అవకాశం పెద్ద సంస్థల అధికారులకే దక్కి, చేతికి మట్టి అంటినవారికి అందకుండా పోతుందేమోనని నా అనుమానం.

కర్రపూజనుండి చవితివరకు దాదాపు ఎనభై రోజులు. అందులో ముప్పై రోజులు విద్యార్థి ఆ చట్రం కింద గడిపి, రోజూ గీసిన బొమ్మలను, రాసుకొన్న కొలతలను తెచ్చి చూపితే ఒక ప్రశ్నపత్రానికి సమానంగా మార్కులు ఇవ్వవచ్చు. ఆ పత్రాన్ని దిద్దేవారిలో ఒకరు శిల్పశాలనుండి రావాలి.